నల్లరంగు కింద

టైలరు కారు మొహాన మసి పూసింది బావమరిదే. అందులో వాదనకి చోటు లేదు. అక్క పోయి నెల తిరక్కముందే స్ప్రే డబ్బా పట్టుకొచ్చి, తళతళలాడే ముందు గ్రిల్‌కి నల్లరంగు కొట్టేశాడు. ఇదేం పనిరా అంటే, "ఇప్పుడిదే ఫ్యాషన్ బావా" అన్నాడు.

ఇంట్లో ఏడుపు ఆరకముందే ఫ్యాషన్!

ఆ రోజు నుంచీ టైలరు అతనితో మాట మానేశాడు. ఈరోజు పొద్దున మాత్రం తనే ఫోన్ చేశాడు.

"నువ్వు పూసిన మసి ఇవాళ కడుగుతున్నాను. వచ్చి చూసి తగలడు."

ఎండెక్కకముందే బావమరిది బస్సు దిగి, ఆదరాబాదరాగా వచ్చి పడ్డాడు. అప్పటికే టైలరు షెడ్డులో కారుకి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. చేతులకి రబ్బరు తొడుగులు. పక్కన రంగు ఊడగొట్టే మందు డబ్బా, చినిగిన బనీన్లు, ఒక టూత్‌బ్రష్.

"బావా, అది నా బ్రష్షులా ఉందే!"

"నీదే. చావుకొచ్చి మరిచిపోయావు. నీకంటే అదే నయం, పనికొచ్చింది."



ఆ ఇంట్లో కారు నడపడం టైలరు వంతు, కడగడం భార్య వంతు. ఆడదాన్ని ఒక్కనాడూ డ్రైవరు సీట్లో కూర్చోనివ్వలేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు. అలాగే కారుని ఒక్కనాడూ తను తుడిచిన పాపాన పోలేదు. ఆయన నిద్రలేచేసరికి ఆమె గ్రిల్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండేది. ఆయన టీ తాగి బయటికొచ్చేసరికి గ్రిల్ ధగధగలాడేది. చీరలు పంచేశారు, గాజులు కూతురు పట్టుకుపోయింది. ఆమె చేతి పనితనం అంటూ ఇంకా ఏదైనా మిగిలి ఉంటే అది ఆ నల్లరంగు కిందే ఉంది.

అది బయటికి రావాలి. అంతే.

నిజానికి ఈ బావమరిదిని ఇన్నేళ్ళు గుమ్మం ఎక్కనిచ్చిందే ఒక పుణ్యానికి. టైలరుకి గుండెపోటొచ్చి కత్తిరింపుల బల్ల మీదే ఒరిగిపోయిన రోజు, ఇంట్లో భార్య కాక ఉన్నది ఇతనొక్కడే. కారులో వేసుకుని ఆస్పత్రికి చేర్చాడట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. "మా తమ్ముడే లేకపోతేనా!" అని భార్య బతికినన్నాళ్ళూ దెప్పుతూనే ఉండేది. ఆ దెప్పు వినీ వినీ, అప్పుడే పోయినా బాగుండేదని టైలరుకి చాలాసార్లు అనిపించింది.

"బావా, నల్లగానే బాగుంది. వదిలెయ్యరాదూ?"

"నీ తలకాయ బాగుంది."

"మందు ఇంజనుకి తగిలితే అంటుకుంటుందేమో!"

"ఇంజను చల్లగానే ఉంది. కాలుతున్నది నాకు. పక్కకి జరుగు."

టైలరు మందు పూశాడు. కాసేపటికి నల్లరంగు మీగడలా ముడతలు పడింది. గుడ్డతో ఒక్క లాగు లాగాడు. కింద నుంచి వెండిలా తళుక్కుమంది.

"చూశావురా! మీ అక్క మెరుపు! నీ డబ్బాకి చచ్చే మెరుపా అది!"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మందు ఘాటు అని తనే చెప్పాడు, ఎవరూ అడక్కుండానే. బావమరిది మాత్రం గోడకి ఆనుకుని, పరీక్ష తప్పినవాడిలా నిలబడ్డాడు.

టైలరు ఉత్సాహం కొద్దీ ఇంకాస్త మందు పూసి, బ్రష్షుతో సందుల్లో గీకాడు. గుడ్డకి వెండి అంటుకుంది. ఇంకాస్త తుడిచాడు. వెండి మొత్తం గుడ్డకే వచ్చేసింది. కింద బూడిదరంగు. వేలితో నొక్కితే గ్రిల్ కమ్మీ కాగిన మైనంలా వంగింది.

ప్లాస్టిక్.

"నా క్రోమ్ గ్రిల్ ఏదిరా?"

బావమరిది గోడ వెంట పక్కకి జరిగాడు.

"నిన్నేరా! నా క్రోమ్ ఏది?"

"పగిలిపోయింది బావా. నిన్ను తీసుకెళ్ళిన రోజే... ఆస్పత్రి గేటుకి తగిలింది. నువ్వు మంచం మీద ఉండగానే ఈ ప్లాస్టిక్‌ది పెట్టించి వెండిరంగు వేయించాం. అది నెలకోసారి పెచ్చులు లేచేది. అక్క సన్న కుంచె పెట్టి సరిదిద్దుకునేది. ఆమె పోయాక నేను ప్రయత్నించాను. నా చేతికి రాలేదు. నల్లది కొట్టేశాను."

టైలరు తొడుగులు విప్పి నేలకేసి కొట్టాడు.

"అంటే గుద్దింది నువ్వు!"

బావమరిది కాసేపు గ్రిల్ వంకే చూశాడు.

"నేనే."

"నీ గుడ్డితనం కప్పిపెట్టడానికి నా పెళ్ళాం ఇన్నేళ్ళూ ఇక్కడ మోకాళ్ళు అరగదీసుకుందా?"

"అవును బావా."

"నాతో అబద్ధం కూడా ఆడించావు దానిచేత!"

"ఆడించాను."

"సిగ్గు లేదురా నీకు?"

"లేదు బావా."

ఇంత సుళువుగా ఒప్పుకునేవాణ్ణి తిట్టడంలో రుచి లేదు. టైలరు లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చి అతని గుండెల మీదకి విసిరాడు.

"పగలగొట్టినవాడివి నువ్వే బాగుచేయించు. సందు చివర మెకానిక్కున్నాడు, తీసుకెళ్ళు. ఈ గ్రిల్ ఊసు చచ్చేదాకా నేనింక ఎత్తను. నువ్వు ఎత్తావో, చెప్పు తెగుద్ది."

"మెకానిక్‌నే ఇక్కడికి పిలుద్దాం బావా..."

"ఎక్కు!"

బావమరిది ఎక్కాడు. సీటు సర్దుకున్నాడు. అద్దంలో క్రాపు చూసుకున్నాడు. స్టీరింగుని రెండు చేతులా గట్టిగా వాటేసుకున్నాడు. నుదుటి మీద చెమట ధార కట్టింది.

"ఏరా, అక్కడే కాపురం పెడతావా?"

బావమరిది తలుపు కొంచెం తెరిచి, గొంతు తగ్గించి అడిగాడు: "బావా, బ్రేకు ఏ కాలితో తొక్కాలి?"