చెల్లెమ్మా అంటే పచ్చదీపం

మోడళ్ల భద్రత కోసం ప్రతి కెమెరాకీ మర్యాద దీపం ఉండాలని చట్టం వచ్చి ఆరేళ్లయింది. స్టూడియోలో మాటలు మర్యాదగా ఉంటే దీపం పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రబడుతుంది. దానికి మర్యాద నేర్పిన మహానుభావులు, అన్నా, చెల్లీ అని వరస కలిపి పిలిచేవాడు చెడ్డవాడెలా అవుతాడని అనుకున్నారు కాబోలు. విజయవాడలో చీరల కేటలాగులు తీసే కోటిలింగం ఆ కిటుకు మొదటి వారంలోనే కనిపెట్టేశాడు.

"చెల్లెమ్మా, ఆ పైట కాస్త జార్చమ్మా," అన్నాడు. దీపం పచ్చగా వెలిగింది.

"చీరల కేటలాగుకి అదెందుకండీ?" అంది మోడల్ తరళ.

"మేకప్ అమ్మాయిని బయటికి పంపేద్దాం చెల్లెమ్మా. నీకు మొహమాటం లేకుండా ఉంటది." మళ్లీ పచ్చ.

ఆ అమ్మాయి వెళ్లగానే, కుచ్చిళ్లు సర్దే నెపంతో వచ్చి తరళ నడుం మీద చెయ్యి వేశాడు.

"ఛీ, చెయ్యి తియ్!" అని అరిచింది.

దీపం ఎర్రబడింది. "మోడల్ ప్రవర్తన అమర్యాదకరం. ఇంకోసారి అయితే లైసెన్సు రద్దు," అంది కెమెరా. కోటిలింగం జాలిగా నవ్వాడే గానీ చెయ్యి తియ్యలేదు.

తరళకి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతులో తేనె ఒలికిస్తూ, "అన్నయ్యా, ఈ చెయ్యి మీకు బరువైనట్టుంది," అని, దాన్ని వెనక్కి మెలితిప్పి చెంప ఛెళ్లుమనిపించింది.

కోటిలింగం కెవ్వుమన్నాడు. దీపం నిండుగా, పచ్చగా వెలిగింది.

"ఆత్మీయ వాతావరణం నమోదైంది. ధన్యవాదాలు," అంది కెమెరా.

తరళ రెండో చెంప వైపు చూసి, మరింత ఆప్యాయంగా పిలిచింది.

"అన్నయ్యా..."