తొంభై ఒక్క శాతం పాట

ఎవరూ ఏనాడూ రికార్డు చేయని గొంతు ఇంటర్నెట్‌లోకి ఎట్లా చేరింది?

2003లో, హిందూపురం నెట్ సెంటర్‌లో, పుష్ప ఎవరెవరో తమ కంప్యూటర్ల నుంచి పంచుకునే జోలపాటలను, డౌన్‌లోడ్ అవుతుండగానే కాస్త కాస్త విని చూసేది. ఆ రాత్రి ఒక ఫైలులో మగ్గం చప్పుడు, దాని మీద అమ్మ గొంతు వినిపించాయి. ధర్మవరంలో మగ్గం నేసిన అమ్మ ఏడేళ్ల క్రితమే, ఇంట్లో ఎవరూ లేని రాత్రి చనిపోయింది.

జోల ముగిసి, మాట మొదలైంది.

"పుష్పా, నేను సచ్చిపోయిన రాత్రి నా కాడ ఉన్నింది ఎవురంటే..."

తొంభై ఒక్క శాతం దగ్గర ఫైలు ఆగిపోయింది.

"పంపేటోళ్లు కంప్యూటర్ ఆపేసినారక్కా. ఇంకెవరి దగ్గరా లేదు. మూసేస్తాండా, లెయ్యక్కా," అన్నాడు సెంటర్ నడిపే తిరుపాల్.

పుష్ప ఏళ్ల తరబడి వెతికింది. ఆ పేరు తెలియకుండానే ఆమె చావాలా? ఆ పాట మీ దగ్గర ఉంటే, కంప్యూటర్ ఆపకండి.