జాడ లేని తీరం

ఐదో రోజు కూడా ఇసుక మీద ఏమీ లేదు.

“ఇస్త్రీ చేసినట్టుంది,” అన్నాడు లెక్కల మాస్టారు, చెప్పులు చేత్తో పట్టుకుని. “తాబేలు సంగతి దేవుడెరుగు, కనీసం పీత నడిచిన గుర్తయినా లేదు.”

“గాలి ఎక్కువగా ఉందండి,” అన్నాడు తాబేళ్ళ తాత.

దీవిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. అక్కడి చిన్న రిసార్టులో అతిథుల్ని తిప్పి చూపించడం ముప్ఫై ఏళ్ళుగా ఆయన పని. ఈ నాలుగు రోజుల్లో మాస్టారి చేత, ఆయన భార్య చేత పడవలో తెడ్డు వేయించాడు. మడ అడవిలో కొంగల గూళ్ళు చూపించాడు. కళ్ళకు అద్దం తొడిగి రంగు చేపల మధ్య ఈదించాడు. వాటిలో దేనికీ మాస్టారు వంక పెట్టలేదు.

కాని వాళ్ళు వచ్చింది తాబేళ్ళ కోసం. అసలు ఆ ముచ్చట మాస్టారి భార్యది. ఆవిడ బడిలో డ్రాయింగు టీచరు. రాత్రి ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళే తాబేలు ఇసుక మీద ట్రాక్టరు చక్రంలాంటి జాడ వదులుతుందట. దాన్ని కళ్ళారా చూసి బొమ్మ వేసుకోవాలని ఎన్నేళ్ళ నుంచో ఆవిడ కోరిక. ఐదు రోజులుగా డ్రాయింగు పుస్తకం చంకలోనే ఉంది. ఒక్క గీత పడలేదు.

తొమ్మిదింటికి తిరుగు పడవ.

“చీకటితోనే వద్దామంటే మీరు రానివ్వరాయె,” అని గొణిగాడు మాస్టారు.

“పొద్దు పొడిచేదాకా అతిథులు ఇటు రాకూడదండి. తాబేళ్ళు బెదురుతాయి.”

“ఉంటే కదా బెదరడానికి.”

తాత నవ్వలేదు. “పోయినేడు ఎవరో జాడల ఫోటోలు తీసి లోకమంతా పంచారు బాబూ. వారం తిరక్కుండా జనం వచ్చి పడ్డారు. గూళ్ళన్నీ తవ్వేశారు. రెండు నెలలాగితే పిల్లలయ్యేవి. ఒక్క గుడ్డు మిగల్లేదు.”

“అదీ సంగతి. ఇక తాబేళ్ళు మాత్రం ఏం మొహం పెట్టుకుని వస్తాయి? రానప్పుడు మీ బోర్డు మీద అంతేసి తాబేలు బొమ్మ దేనికయ్యా? పేరుకే తాబేళ్ళ తాత.”

“ఏవండీ, పెద్దాయన,” అంది భార్య.

“పెద్దాయనైతే? ఏడాదంతా దాచుకున్న సెలవులు. ఐదు పొద్దులు, ఐదు సున్నాలు. నా లెక్కలో ఇంకేం మిగల్లేదు.”

ఆవిడ సముద్రం మీద లేస్తున్న సూర్యుడికి చేతులు జోడించింది. “ఇంత దూరం రప్పించావు. చూపించడానికి మనసొప్పలేదా స్వామీ?” అంది మెల్లగా.

ఆ మాట తాత చెవిన పడింది. ఆయన నీళ్ళకేసి తిరిగాడు. “దేవుడు దయ తలిస్తే ఇంకోసారి కనిపిస్తాయమ్మా,” అన్నాడు.

“మీ పని మీరు చేయక ఆయన్నెందుకు మధ్యలోకి లాగుతారు?” అన్నాడు మాస్టారు.

రిసార్టుకు తిరిగి రాగానే ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకున్నాడు. భార్య చెయ్యి పట్టుకుంది. “వద్దండీ. ఇంకొక్క ఫిర్యాదు వస్తే తీసేస్తామన్నారట. వంటావిడ చెప్పింది. ఆయన పొట్ట కొట్టకండి.”

“నీ కోసమే రాస్తున్నా,” అని అరపేజీ రాశాడు మాస్టారు. వెనక్కి తిరిగి చూడకుండా సామాను పట్టుకుని పడవెక్కాడు. ఆవిడ గట్టు మీద ఆగి తాతకు దణ్ణం పెట్టింది.

పడవ కదలకముందే మేనేజరు ఆ అరపేజీ చదివి తాతను పిలిచాడు.

“నెలలో ఇది మూడోది తాతా. పైవాళ్ళకి నేనేం చెప్పుకోను? రేపట్నుంచి రావద్దు.”

తాత ముప్ఫై ఏళ్ళలో ఎవర్నీ ఏమీ అడిగినవాడు కాదు. ఇప్పుడు బతిమాలాడు. “రెండు నెలలు ఉండనివ్వు బాబూ. జీతం ఇవ్వకపోయినా సరే.”

“రెండు నెలలుంటే ఏం ఒరుగుతుంది? అప్పటికి తాబేళ్ళు వస్తాయా?”

తాత తన పేరున్న బిళ్ళ చొక్కా మీంచి తీసి బల్ల మీద పెట్టాడు.

పడవ కనుమరుగయ్యేదాకా ఒడ్డున నిలబడి, ఇంటికి వెళ్ళి, కొబ్బరి మట్టకు అంటుకున్న తడి ఇసుక దులిపి, మర్నాడు కూడా పొద్దు పొడవకముందే తాబేళ్ళ జాడలన్నీ ఊడ్చి చెరిపేయడానికి దాన్ని గుమ్మం పక్కన నిలబెట్టుకున్నాడు.