హారన్ స్వామి

"ఇవాళ స్వామివారికి ఇంకో రెండు ఎక్కువ కొట్టు గురూ," అన్నాడు కండక్టర్.

డ్రైవర్ కొట్టాడు. ఆసుపత్రి మలుపులో బస్సు నెమ్మది చేసి మరీ, చెయ్యి తీయకుండా కొట్టాడు.

'రోగులున్నారు, హారన్ కొట్టకండి' అని రాసిన అట్ట పట్టుకుని రోడ్డు వారన నిలబడ్డ పెద్దాయన చలించలేదు. చిన్నగా నవ్వి, అట్టని ఇంకాస్త పైకెత్తాడు.

ఎండనక వాననక ఆయనకదే పని. హారన్ మోగని వీధి కావాలట. ఒక్క బండివాడైనా మాట విన్న పాపాన పోలేదు. తిట్టినా పలకడు, వెక్కిరించినా పలకడు. ముందు తను మౌనం పట్టి, తర్వాత ఊరంతటి చేతా పట్టిద్దామని చూస్తున్నాడనుకున్నారు జనం. హారన్ స్వామి అని పేరు పెట్టింది మన డ్రైవరే. ఆ పేరూ, ఈ హారన్ మర్యాదా డిపో అంతా పాకిపోయాయి.

అంతలో డ్రైవర్ భార్య మెట్ల మీద జారిపడింది. తలకు ఆపరేషన్ అయింది. ఐసీయూలో కొన్నాళ్లుంచి వార్డుకు మార్చారు. మంచం వీధివైపు కిటికీ పక్కన దొరికింది.

"ఇక నిద్రే మందు. నిద్రపడితేనే కోలుకుంటుంది," అన్నాడు డాక్టర్. వార్డులో ఇంకో మంచం ఖాళీ లేదు.

నిద్ర ఎక్కణ్ణించి వస్తుంది? రెప్ప వాలేలోపు కింద హారన్. ఆమె ఉలిక్కిపడి రెండు చేతులతో తల పట్టుకునేది.

"ఎవరండీ ఆ దుర్మార్గులు?" అంది ఏడుపు గొంతుతో.

డ్రైవర్ కిటికీలోంచి కిందికి చూశాడు. అది తన డిపో బస్సే. ఆ మోత విని, నడిపేవాడెవడో కూడా చెప్పగలడు.

గబగబా మెట్లు దిగాడు. స్వామి కాళ్లు పట్టుకుందామనుకున్నాడు. మలుపులో ఎవరూ లేరు. అట్ట మాత్రం వాచ్‌మన్ గదిలో గోడకు ఆనించి ఉంది.

"ఆయనేడీ?"

"పోయాడు సార్," అన్నాడు వాచ్‌మన్. "వెనకనుంచి లారీ. లారీవాడు పాపం హారన్ కొడుతూనే ఉన్నాడు. ఈయన పంతం తెలిసిందేగా. అంగుళం కదల్లేదు."

చచ్చేదాకా మొండివాడే అనుకున్నాడు డ్రైవర్.

అట్ట తీసుకెళ్లి మలుపులో నిలబడ్డాడు. వచ్చిన మొదటి బస్సులో ఉన్నది తన స్నేహితుడే.

"ఏంటి గురూ, స్వామి సీటు ఖాళీ అయిందని ఎక్కేశావా?" అని నవ్వి, చెవి పక్కనే మోగించాడు.

"ఒరేయ్, పైన మీ వదిన ఉందిరా."

ఆ మాట మోతలో కలిసిపోయింది. కిటికీ వైపు తలెత్తే ధైర్యం లేకపోయింది.

సాయంత్రానికి చెవులు దిమ్మెక్కాయి. అట్ట కోసం ఒక ముసలామె వచ్చింది. పెద్దాయన చెల్లెలినని చెప్పింది.

"దీన్ని నా దగ్గరే ఉండనివ్వమ్మా," అని బతిమాలాడు డ్రైవర్. "ఒక్క పూటకే నా తల పగిలిపోతోంది. ఇన్నేళ్లూ ఈ మోత ఎలా భరించాడమ్మా మీ అన్నయ్య?"

ఆమె ఆసుపత్రి కిటికీల వైపు చూసింది.

"మా అన్నయ్యది పుట్టుచెవుడు బాబూ. బస్సొచ్చినప్పుడల్లా ఆ కిటికీల్లో ఉలిక్కిపడే మొహాలు చూసేవాడు, అంతే."