బోణీ మాట

బట్టల షాపు షట్టరు ఎత్తగానే ఆ పెద్దాయన వచ్చి పరుపు మీద కూర్చున్నాడు.

"చేతిరుమాలు," అన్నాడు. రోజూ అదే బేరం.

డబ్బు ఎడమ చేత్తో అందించాడు. కుడి చెయ్యి ఎప్పటిలాగే కండువా కింద ఉంది.

షాపు యజమాని రాజశేఖర్ మొహం ముడుచుకున్నాడు. ప్రొద్దుటూరు బట్టల బజారులో తొలి గిరాకీని ఎవరూ వెళ్ళగొట్టరు. కానీ ఎడమ చేతి బోణీ ఎవరికీ గిట్టదు.

పెద్దాయన చూపు గల్లాపెట్టె దగ్గరున్న భువనేశ్వరి మీద, ఆమె ఒళ్ళోని ఇంగ్లిషు మాటల పుస్తకం మీద ఉంది.

"ఈ పొద్దు... మాట?"

రోజూ ఇదే వరస అని భువనేశ్వరి విసుక్కుంది. రాజశేఖర్ ఆమె మేనమామ. తండ్రి పోయినప్పటి నుంచి ఆయన ఇంట్లో తింటూ, ఆయన షాపులో చీరలు మడుస్తోంది. బ్యాంకు పరీక్షకు వయసు ఈ ఏడాదితో సరి. ఇంగ్లిషులో గట్టెక్కకపోతే జన్మంతా ఈ పరుపే.

"అబ్‌స్టినేట్. పట్టు వదలనివాడు."

"మన... మాటల్లో."

"బోరు ఎండిపోయినా ఇంకా లోతుకు దింపించే మనిషి. చాలా?"

ఆయన ఆ మాటను పెదవుల మధ్య మెల్లగా నమిలాడు.

"ఇంగోటి."

"ఫ్రూగల్. పిండిన నిమ్మకాయనే మళ్ళా పిండే మనిషి. మా మామ మాదిరి."

ఆయన నవ్వాడు. ఒక పక్క పెదవే నవ్వింది.

వేసవిలో బేరాలు తగ్గాయి. రాజశేఖర్ ఎటు లెక్క వేసినా నష్టం ఆ ఎడమ చేతి దగ్గరే తేలింది.

"ఇంగ రావద్దప్పా. నీ బోణీ మాకు అచ్చిరాలే," అన్నాడు.

పెద్దాయన భువనేశ్వరి వైపు చూశాడు.

ఆయనకు చెప్పే పొద్దులో తాను ఇంకో నాలుగు మాటలు చదువుకోవచ్చని ఆమె లెక్క.

"నా చదువు గూడా ఆగిపోతాంది తాతా," అంది.

ఆయన ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. రుమాలు తీసుకోకుండానే మెట్లు దిగాడు.

కడపలో పరీక్ష రాస్తుంటే, ఆయనకు చెప్పిన మాటలన్నీ పిలవగానే వచ్చాయి. ఒంటరిగా బట్టీ పట్టినవి నిలవలేదు.

కొద్ది మార్కులతో పరీక్ష తప్పింది.

పుస్తకం గల్లాపెట్టె పక్కన దుమ్ము పట్టింది. రోజూ షట్టరు ఎత్తగానే ఆమె వీధి వైపు చూసేది.

ఒక ఉదయం ఒక ముసలావిడ వచ్చి, సంచిలోంచి రుమాళ్ళ కట్ట తీసింది. ఒక్కదాని మడత కూడా విప్పలేదు.

"ఇవి మీ షాపువే నాయనా. మా ఆయన కొన్యాడు. ఎవురికన్నా పనికొస్తాయని తెచ్చినా."

"తాత యాడుండాడవ్వా?" భువనేశ్వరి లేచి నిలబడింది.

"పోయిన నెల పాయె తల్లీ. పక్షవాతమొచ్చి కుడి చెయ్యీ, మాటా రెండూ పడిపోయింటే, ఈడికొచ్చినాకే మాటలు తిరిగొస్తాండె. ఎందుకు మానుకున్యాడో గానీ, మళ్ళా నోరు తెరవలే."

రాజశేఖర్ తన కుడి చేతి వైపు చూసుకున్నాడు.

"ఇంగ్లిషు మాటలంటే తాతకు ఎందుకవ్వా అంత ఆశ?"

అవ్వ గల్లాపెట్టె పక్కనున్న పుస్తకాన్ని తీసుకుని, అట్ట మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"ఇది రాసింది ఆయనే తల్లీ, పోగొట్టుకున్న తన మాటలనే నీ దగ్గర ఏరుకుంటాండె."