బాగున్నానండి

కోర్టు హాల్లో తెర మీద కొండలరావు నవ్వుతున్నాడు.

మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. నడుము దాకా దుప్పటి. చేతిలో టీ గ్లాసు.

"ఎలాగున్నావు బావా?" అని అడిగింది వీడియో తీస్తున్న గొంతు.

"బాగున్నాను బావా. ఏటీ లోటు నేదు."

"నొప్పులూ అవీ?"

"అయ్యేం నేవు. నువ్వు టీ తాగు ముందు."

నా పక్కన చక్రాల కుర్చీలో ఉన్న అసలు కొండలరావు, తెర మీద తనని తాను చూసుకుని మురిసిపోతున్నాడు. మోచేత్తో భుజం మీద ఒక్క పోటు పొడిచాను.

"ఆడు మంచోడేనమ్మగోరూ," అన్నాడు నెమ్మదిగా. "టీ తాగకండానే ఎల్లిపోనాడు."

పోర్టులో క్రేన్లకి సరుకు కట్టే ఖలాసీ ఇతను. మూడేళ్ళ కిందట డ్యూటీ దిగి స్కూటర్ మీద గాజువాక వెళ్తుంటే షీలానగర్ దగ్గర ట్రైలర్ గుద్దింది. వెన్నెముక దెబ్బతింది. ఆ ట్రైలర్ ఇన్సూరెన్స్ కంపెనీ మీద కేసు నేనే వేశాను.

జీవితాంతం పక్కన ఒక మనిషి ఉండాలి, ఆ ఏర్పాటు వాళ్ళే చూడాలి అన్నది మా వాదన. మనిషి కోలుకుంటున్నాడు, కూర్చుని చేసే పనేదైనా చేసుకోగలడు అన్నది వాళ్ళది. వాళ్ళు నెగ్గితే, ఇతని కోసం అచ్యుతాపురం కుట్టు కంపెనీలో పని మానేసిన భార్య గౌరీశ్వరి ఇక మానేసినట్టే.

"చూశారు కదా సార్," అన్నారు ఎదుటి లాయరు శ్రీనివాసరావు గారు. "ఆయన నోటితో ఆయనే చెప్పారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మనిషి మీద.

ఎవరడిగినా బాగున్నానని అనొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "మరేటనాలమ్మగోరూ? ఇంటికొచ్చినోడి మొకం మీదే బాగోనేదని సెప్పేత్తానేటి?" అంటాడు. మొదటిసారి సాక్ష్యంలో జడ్జి గారు "ఎలా ఉందయ్యా?" అని అడిగితే, చేతులు జోడించి "తమరి దయ, బాగుందండి" అన్నాడు. ఆ రోజు ఫైలు పెట్టి నెత్తిన కొట్టుకున్నాను.

మా వైపు మనుషులంతే. నూట మూడు జ్వరంలో కూడా అడిగినవాడి మనసు కష్టపెట్టరు.

వీడియో తీసిన తాతబాబు బోనెక్కాడు. కంపెనీ తరఫున వాకబులు చేసే మనిషి. పోర్టులో పాత స్నేహితుడి చుట్టాన్నని చెప్పి ఇంట్లోకి దూరాడు. ఇవాళ ఎడమ దవడ బూరెలా వాచి ఉంది.

"కామేశ్వరి గారూ, క్రాస్ ఉందా?" అని అడిగారు జడ్జి గారు.

లేచాను. కాగితాలేమీ పట్టుకోలేదు. అక్కర్లేదనిపించింది.

"నమస్కారం తాతబాబు గారూ. బాగున్నారా?"

"బాగున్నానండి."

"ఆ దవడేమిటి?"

"పన్నండి. మూడు రోజులై ముద్ద దిగట్లేదు."

"నిద్ర?"

"ఎక్కడిదండి!"

"మరి బాగున్నానన్నారు?"

తాతబాబు నా వైపు చూశాడు. శ్రీనివాసరావు గారి వైపు చూశాడు.

"అడిగితే అలాగే అంటాం కదండీ."

జడ్జి గారు తల వంచుకుని నవ్వు దాచుకుంటూ ఆ మాట రాసుకున్నారు.

వీడియో పస అక్కడితో పోయింది. కానీ నిజం ఇంకా ఎవరి నోటా రాలేదు. అది రావాల్సిన నోరు ఒక్కటే.

జడ్జి గారి అనుమతితో కొండలరావుని మళ్ళీ సాక్ష్యానికి పిలిపించాను. బోనెక్కలేడు కనుక కుర్చీని దాని పక్కనే ఆపారు.

"కొండలరావూ, ఇది నీ ఇల్లు కాదు. నిన్ను చూడ్డానికి వచ్చిన చుట్టాలెవరూ లేరిక్కడ. కాళ్ళలో స్పర్శ ఉందా?"

నోరు తెరిచాడు. వెనక బెంచీలో కూర్చున్న భార్యని చూసి మూసేశాడు.

"గౌరిని బయటికి పంపండమ్మగోరూ."

"నానెళ్ళను," అంది గౌరీశ్వరి. "సెప్పు."

నేను తొందరపెట్టలేదు. చెప్తాడని నాకు నమ్మకం. వంద మంది బరువులెత్తే చోట పదిహేనేళ్ళు ఎవరి మీదా ఒక్క సరుకూ జారనివ్వని మనిషి, భార్య మీద బరువు పడనివ్వడు.

"గౌరి రోజూ కాళ్ళకి నూనె రాత్తాదండి," అన్నాడు జడ్జి గారితో. "మోకాలి మీద సెయ్యేసి, తెలత్తందా అనడుగుతాది. తెలత్తందే, కొద్దికొద్దిగా వత్తందే అంటాను."

తన మోకాలి మీద తనే తట్టి చూపించాడు.

"నేదండి. నడుం కాణ్ణుంచి కిందకి ఏటీ తెల్దు. మా పాప ధనశ్రీ ఒళ్ళో కూకుంటే కళ్ళతో సూసి తెలుసుకుంటాను. కరెంటు పోతే ఉన్నాదో దిగిపోనాదో తెల్దండి. పేరెట్టి పిలుత్తాను."

జడ్జి గారు శ్రీనివాసరావు గారి వైపు చూశారు.

ఆయన సగం లేచి, "ప్రశ్నలు లేవండి" అని కూర్చున్నారు. ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును ఆయన్ని. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

నెగ్గామని నాకు అప్పుడే తెలిసింది. తీర్పు వచ్చే నెల వస్తే రానీ.

గౌరీశ్వరి బెంచీ మీంచి లేచి వచ్చింది. కుర్చీ పక్కన వంగి, అలవాటు కొద్దీ అతని మోకాలి మీద చెయ్యి వేయబోయింది.

ఆగి, భుజం మీద వేసింది.