అప్పజెప్పిన చూపు

“ఇందులో మచ్చ ఎక్కడుందో సూపించండి జగన్నాధం గారూ” అంటూ బ్రోకరు నరసింగరావు నల్ల పళ్లెంలో జీడిపప్పు నమూనాని వేళ్లతో కదిపాడు.

జగన్నాధం వంగి చూశాడు. ఒక గుండు పప్పు మీద నల్లటి చుక్క. చూపు పక్కకి జరిపితే చుక్క కూడా పక్క గింజ మీదికి జరిగింది. నరసింగరావు గమనించేలోపే పళ్లెం వెనక్కి నెట్టేశాడు.

“మచ్చ సరుకే. నాకొద్దు.”

“ఊరంతా మెచ్చుకున్న సరుకండి ఇది!” నరసింగరావు ఆయన మొహంలోకి చూశాడు. “ఆదివారం మన వర్తక సంఘంలో కంటి శిబిరం ఉన్నాది. షుగర్ ఉన్నోళ్లందరూ రావాలంట. మీరూ వస్తారు కదా?”

పాతపట్నంలో జీడిపప్పు వర్తకుడికి చూపే పెట్టుబడి. జగన్నాధం చూసి మచ్చలేని తెల్లపప్పు అన్నాడంటే అది తెల్లపప్పే, ఎవరూ మళ్లీ చూసుకోరు. ఆ చూపు మందగించిందని బయటపడితే ఆయన మాటకి బజారులో విలువుండదు. శిబిరానికి వెళ్లకపోతే అనుమానం, వెళ్లి తప్పితే నష్టం. వెళ్లి నెగ్గడం ఒక్కటే గిట్టుబాటు.

ఆ సాయంత్రం కళ్లజోళ్ల ఎల్లాజీ దుకాణంలో పాత అక్షరాల అట్ట ఒకటి అడిగి తెచ్చాడు.

“ఇదేటి మావా, పిల్లల బడి పెడతన్నావేటి?” అంది భార్య జగ్గమ్మ. ఆమెకీ షుగరే. ఇద్దరి మాత్రలూ ఒకే డబ్బాలో ఉంటాయి.

“శిబిరంలో ఎల్లాజీ ఈ అట్టే తగిలిస్తాడంట. బట్టీ పట్టేస్తే సరి. నువ్వు పక్కన నిలబడి తప్పులు సూడు.”

అట్టని కళ్లకి ఆనించుకుని అక్షరాలన్నీ నేర్చుకున్నాడు. తరవాత గోడకి తగిలించి, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జగ్గమ్మ అట్ట పక్కన నిలబడి పుల్లతో ఒక్కో వరుసా చూపించింది.

“గ... న మ... ట ల ద...”

“ఒప్పే.”

“ర వ స...”

“ఒప్పే. బళ్లో కూడా ఇలాగే సదివుంటే కలెక్టరువి అయిపోదువు.”

“నోర్మూసుకుని పుల్ల సరిగ్గా పెట్టవే!”

రోజూ పొద్దున్న అదే పాఠం. జగ్గమ్మ ఒక్కసారీ తప్పు పట్టలేదు. జగన్నాధానికి ధీమా వచ్చేసింది.

“నువ్వూ రావే శిబిరానికి.”

“నాకేటి మావా, నేను సరుకు సూడాలా, బేరం సెయ్యాలా? తోడుగా వస్తానులే.”

ఆదివారం సంఘం హాలు నిండిపోయింది. వెనక వరుసలో నరసింగరావు మెడ సాచి చూస్తున్నాడు. డాక్టరు శ్రీలలిత ఇంకా కుర్రపిల్లే. అట్ట చూపించగానే జగన్నాధం హాలంతా వినబడేలా చదివేశాడు.

ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించింది.

“మూడో వరుస నాలుగోచోట, నాలుగో వరుస మూడోచోట చదివారు. అక్షరం మాత్రం ఒక్కటీ పోలేదు. మీరు చూడటం లేదు బాబాయ్ గారూ, అప్పజెప్తున్నారు.”

నరసింగరావు విన్నాడేమోనని జగన్నాధం వెనక వరుసకేసి తిరిగాడు.

“అట్ట బాగా చదివినంత మాత్రాన షుగర్ మనిషి కన్ను బాగున్నట్టు కాదు. నేను చూడాల్సింది కంటి లోపల.”

చుక్కల మందు వేసి, కాసేపు కూర్చోబెట్టి, లైటుతో కంటి వెనక తెర చూసింది.

“నల్ల చుక్కలు కదులుతున్నాయా?”

“పప్పు మీద మచ్చలని బుకాయించానమ్మా.”

“మచ్చ పప్పులో లేదు. కంట్లో సన్నటి నాళాలు చిట్లి రక్తం కారుతోంది. పోయిన చూపు తేవడం కష్టం. ఉన్నది నిలబెట్టొచ్చు. వెంటనే లేజరు చేయించుకోండి, షుగరూ బీపీ అదుపులో పెట్టండి, ఏటేటా కంటి లోపల పరీక్ష చేయించుకోండి.”

ఉన్న సరుకు కాపాడుకోవడమన్నమాట. ఆ లెక్క ఆయనకి అర్థమైంది. తిన్నగా నరసింగరావు దగ్గరికి వెళ్లాడు.

“నీ సరుకు మంచిదేనయ్యా. మచ్చ నా కంట్లో ఉంది. కుదిరేదాకా నమూనాలు నువ్వే సూసి సెప్పాలి.”

“మీరడగాలా! విశాఖపట్నం ఆసుపత్రికి నేనూ వస్తాను” అన్నాడు నరసింగరావు చెయ్యి పట్టుకుని.

పరువు పోతుందనుకున్న చోట మనిషి దొరికాడు. జగన్నాధం మనసు తేలికపడింది. మందు వల్ల అంతా మసకగా ఉంటే జగ్గమ్మ భుజం పట్టుకుని మెట్లు దిగుతూ విసుక్కున్నాడు.

“ఒసే, రెండు వరసలు తారుమారు సేశాను కదా, అట్ట పక్కనే నిలబడి రోజూ ఒప్పే, ఒప్పే అన్నావేటే?”

జగ్గమ్మ ఆగిపోయింది.

“నాకు అచ్చరాలు కనబడితే కదా మావా.”